రెక్కలు ఒకేలా ఉంటే కళ్ళూ మెదడూ ఒకేలా ఉండాలా? హెలికోనియస్ సంగతి

మీ ప్రశ్నలు మూడు. ముల్లేరియన్ మిమిక్రీలో (పక్షులకి చేదైన జాతులు ఒకే రూపానికి రావడం) రెండు జాతుల రెక్కలు ఒకే రూపానికి వస్తే వాటి కళ్ళు, మెదడు కూడా ఒకేలా మారాలి కదా అన్నది మొదటిది. హెలికోనియస్ సీతాకోకచిలుకలకు మెదడులో కొంత భాగం అంత పెద్దగా ఉండటానికి మిమిక్రీయే కారణమా అన్నది రెండోది. ఇవన్నీ ఎలా కొలుస్తారన్నది మూడోది.

రెండోదానికి జవాబు ఒక్క మాటలో అయిపోతుంది: కాదు, అది పుప్పొడి వల్ల. మొదటిదానికే కాస్త వివరం కావాలి. రెక్క మీది రంగుల్ని చదవాల్సింది పక్షి. కన్నూ మెదడూ మాత్రం సీతాకోకచిలుక సొంత అవసరాలకి: జోడీని పోల్చుకోవాలి, పువ్వు వెతకాలి, గుడ్లు పెట్టే తీగని గుర్తుపట్టాలి, అదీ తానుండే చోటి వెలుతురులో. అందుకే రెక్కలు కలిసిపోయినంత మాత్రాన కళ్ళు కలవాలన్న నియమం లేదు. అయితే ఒక దొడ్డిదారి ఉంది, దాన్ని కింద చెబుతాను.

ఉదాహరణకి హెలికోనియస్ ఎరాటో, హెలికోనియస్ మెల్పొమీని తీసుకుందాం. రెండూ మధ్య, దక్షిణ అమెరికా అడవులవి. రెండూ చేదువి, సయనైడ్ నిచ్చే రసాయనాలు ఒంట్లో ఉంటాయి. ఒక ప్రాంతంలో ఎరాటో నల్ల రెక్క మీద ఎర్ర పట్టీతో ఉంటే అక్కడి మెల్పొమీని కూడా అంతే. ఇంకో లోయకి వెళ్తే రెండూ కలిసి వేరే వేషం కడతాయి. 1862లో ప్రకృతి శాస్త్రవేత్త బేట్స్ అమెజాన్ సీతాకోకచిలుకల మీద రాసినప్పుడు రుచి లేనివాటిని రుచి ఉన్నవి అనుకరించడాన్ని వివరించాడు. రెండూ చేదువే అయినా ఎందుకు కలుస్తాయో 1870ల చివర్లో ఫ్రిట్జ్ ముల్లర్ చెప్పాడు: పక్షికి పాఠం నేర్పేందుకు అయ్యే ప్రాణనష్టాన్ని రెండు జాతులూ పంచుకుంటాయి. వంశవృక్షంలో ఈ రెండూ విడిపోయి సుమారు కోటి ఏళ్ళు. అయినా రెక్కల రూపాన్ని నడిపే జన్యువులు రెండింట్లో అవే: ఎరుపుకి ఆప్టిక్స్, నల్ల మచ్చల ఆకారానికి డబ్ల్యుఎన్‌టీఏ, పసుపు-తెలుపు పట్టీలకి కార్టెక్స్ ఉన్న ప్రాంతం.

ఇప్పుడు కన్ను. సంయుక్త నేత్రంలోని ఒక్కో ఒమ్మటీడియంలో, అంటే ఒక్కో చిన్న కంటి గదిలో, 9 కాంతిగ్రాహక కణాలుంటాయి. వాటిలో ఆరు, అంటే ఆర్3 నుంచి ఆర్8 వరకు, ఆకుపచ్చ వైపు స్పందించే ఆప్సిన్‌తో (కాంతిని పట్టే ప్రోటీన్) ఉంటాయి. ఆర్1, ఆర్2 కణాలదే అసలు వైవిధ్యం. వాటిలో నీలం ఉండొచ్చు, అతినీలలోహితం ఉండొచ్చు, ఒకదాంట్లో ఒకటి ఒకదాంట్లో ఒకటీ ఉండొచ్చు. చాలా సీతాకోకచిలుకలకి అతినీలలోహిత ఆప్సిన్ ఒక్కటే. హెలికోనియస్ పూర్వికుల్లో ఆ జన్యువు నకలై రెండయింది. ఈ సంగతి 2010లో బయటికొచ్చింది. ఎరాటోలో మొదటి నకలు (యూవీఆర్‌హెచ్1) 355 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం దగ్గర, రెండోది (యూవీఆర్‌హెచ్2) 390 దగ్గర గరిష్ఠంగా స్పందిస్తాయి. నీలం 470, ఆకుపచ్చ 555. వీటికి తోడు కొన్ని ఒమ్మటీడియాల్లో ఎర్రటి వడపోత వర్ణకం ఉంటుంది. అది అదే ఆకుపచ్చ ఆప్సిన్ ముందు కళ్ళజోడు పెట్టినట్టు పనిచేసి, దాని స్పందనని 600 దగ్గరికి జరుపుతుంది. ఎరుపుకి కొత్త ఆప్సిన్ అక్కర్లేకుండానే 590, 620, 640 నానోమీటర్ల కాంతుల్ని విడదీయగలదని శిక్షణ ప్రయోగాల్లో తేలింది. ఆప్సిన్ల లెక్క చూసి "దీనికి ఎరుపు కనబడదు" అని తీర్మానించేవాళ్ళు తప్పు చేసేది ఇక్కడే.

ఇక వింత: ఎరాటోలో రెండు అతినీలలోహిత గ్రాహకాలూ ఉన్నది ఆడదానికే. మగదానికి రెండోది మాత్రమే. 380, 390 నానోమీటర్ల కాంతుల మధ్య తేడా ఆడది పట్టగలదు, మగది పట్టలేదు. దగ్గరి జాతి హెలికోనియస్ కారిథోనియాలో కారణం కూడా దొరికింది: మొదటి నకలు జన్యువు డబ్ల్యు క్రోమోజోమ్ మీదికి చేరింది, సీతాకోకచిలుకల్లో అది ఆడవాటికే ఉంటుంది. అటు మెల్పొమీని వైపు శాఖలో రెండో నకలు కంటిలో పనిచేయడం మానేసింది. అంటే పక్షికి తేడా తెలియనంతగా రెక్కలు కలిసిన ఎరాటో ఆడ, ఎరాటో మగ, మెల్పొమీని లోకాన్ని మూడు రకాలుగా చూస్తున్నాయి. మీ మొదటి ప్రశ్నకి ఇంతకన్నా సూటి జవాబు లేదు.

పసుపు రంగు సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. హెలికోనియస్ పసుపు పట్టీల్లో ఉండేది 3-హైడ్రాక్సీకైనురెనిన్ అనే వర్ణకం. దగ్గరి బంధువైన యూయిడెస్ లాంటి ప్రజాతుల పసుపు వేరే రసాయనం. మన కంటికి రెండూ ఒకే పసుపు. కానీ హెలికోనియస్ పసుపు అతినీలలోహితంలో కూడా కాంతిని వెనక్కి పంపుతుంది. కాగితపు నమూనాల మీద ఈ వర్ణకం ఉన్నవీ లేనివీ పెట్టి చూస్తే, ఎరాటోలు నిజమైన పసుపు ఉన్నవాటికే ఎక్కువగా దగ్గరయ్యాయి. పక్షులు మాత్రం రెండింటినీ ఒకేలా పొడిచాయి. దీన్ని "పక్షులకు కనబడని రహస్య భాష" అని రాసేస్తుంటారు, అది అతిశయోక్తి. పక్షుల్లో అతినీలలోహితాన్ని బాగా చూసేవీ ఉన్నాయి, ఊదా వరకే చూసేవీ ఉన్నాయి. ఆ తేడా కనబడినా దాన్ని పట్టించుకోవాల్సిన అవసరం పక్షికి లేదు, చేదు రెంటికీ ఉంది కదా. ఆ వర్ణకం నుంచి వచ్చే ఫ్లోరోసెన్స్ (కాంతిని పీల్చుకుని వేరే రంగులో వెలగడం) కూడా సంకేతమేనేమో అని పరీక్షించారు. దానికి పాత్ర లేదు, పని చేసేది పరావర్తనమే.

ఈ రకం పోలికలు మీరే చేయాలనుకుంటే రెక్కని మామూలు కెమెరాతో తీసి ఎరుపు-ఆకుపచ్చ-నీలం విలువలు లెక్కేయకండి. ఆ మూడూ మనిషి కంటి లెక్కలు. స్పెక్ట్రోమీటర్‌తో 300 నుంచి 700 నానోమీటర్ల వరకు పరావర్తనం కొలవాలి, ప్రతి కొన్ని కొలతలకీ తెల్ల ప్రమాణపు పలకతో సరిచూసుకోవాలి, అడవిలో ఆ ఎత్తులో పడే వెలుతురుని విడిగా కొలవాలి. పరావర్తనాన్నీ ఆ వెలుతురునీ గ్రాహకాల స్పందన వక్రాలతో గుణించి, గ్రాహక శబ్దాన్ని లెక్కలోకి తీసుకునే వొరొబియేవ్-ఒసోరియో నమూనాలో (1998) పెట్టాలి. ఫలితం 1 కన్నా తక్కువ వస్తే రెండు రంగులూ వేరని ఆ కన్ను చెప్పలేదు. ఇందులో వెబర్ భిన్నం (గ్రాహకం పట్టగల కనీస తేడా) సాధారణంగా 0.05 అని పెడతారు. అది ఊహ మాత్రమే, కాబట్టి 0.1తో కూడా నడిపి చూడండి. ముగింపు తారుమారైతే దాన్ని రాయకూడదు. ఆడ, మగ కళ్ళకి వేర్వేరు నమూనాలు పెట్టాలని చెప్పనక్కర్లేదనుకుంటాను.

ఇంకో మాట: సీతాకోకచిలుక కంటి పదును డిగ్రీకి ఒక్క చక్రం (ఒక నలుపు-తెలుపు పట్టీల జంట) కన్నా తక్కువ, మంచి చూపున్న మనిషికి సుమారు 30. అంటే మీటరు దూరంలో 1.7 సెంటీమీటర్ల కన్నా సన్నని నలుపు-పసుపు జంట పట్టీలు దానికి కలిసిపోయి కనిపిస్తాయి. రెక్క అంచున ఉన్న చిన్న చుక్కల్ని చూసి జోడీని ఎంచుకుంటుందనే వివరణలు రాసే ముందు ఈ లెక్క వేసుకోవాలి.

జోడీ ఎంపికలో కన్ను ఎంత, మెదడు ఎంత అన్నది విడదీయడం కష్టం. హెలికోనియస్ సిడ్నో రెక్కలు నలుపు-తెలుపు, మెల్పొమీనివి నలుపు-ఎరుపు. మెల్పొమీని మగది ఎర్ర ఆడవాటి వెంట పడుతుంది, సిడ్నో మగది పడదు. ఆ ఇష్టాన్ని నియంత్రించే భాగం ఒకటి 18వ క్రోమోజోమ్ మీద ఆప్టిక్స్‌కి దగ్గరలోనే ఉంది. రెక్క రంగూ ఆ రంగు మీద ఇష్టమూ పక్కపక్కనే ఉండటం వల్ల సంకరంలో కూడా అవి సులభంగా విడిపోవు. 2024లో ఈ చోట రెగ్యుకాల్సిన్1 అనే జన్యువుని గుర్తించారు. కొలంబియాలో ఎర్ర పట్టీ ఉన్న హెలికోనియస్ టిమరెటాకి ఈ ఇష్టం మెల్పొమీని నుంచి సంకరం ద్వారా వచ్చింది. ఆ జన్యువుని క్రిస్పర్ అనే జన్యు కత్తిరింపు పద్ధతితో చెడగొడితే మగవి తమ జాతి ఆడవాటి వెంట పడటం తగ్గిపోయింది. దీన్ని "ఎరుపు ఇష్టపు జన్యువు" అని పిలవకండి. ఒక జన్యువు చెడితే ఒక ప్రవర్తన తగ్గిందన్నంత వరకే అది చెబుతుంది.

మెదడుకి వద్దాం. కీటకాల మెదడులో నేర్చుకోవడానికీ జ్ఞాపకానికీ కేంద్రం మష్రూమ్ బాడీ, పుట్టగొడుగు ఆకారంలో ఉండే జంట భాగం. హెలికోనియస్‌లో ఇది దగ్గరి బంధువులతో పోలిస్తే 2 నుంచి 4 రెట్లు పెద్దది. హెలికోనియినీ తెగ మొత్తాన్ని పోల్చిన 2023 అధ్యయనం ఈ పెరుగుదల ఎక్కువగా చూపు సమాచారం చేరే భాగంలో జరిగిందని చూపింది. కళ్ళ నుంచి వచ్చే మొదటి దశ భాగాలు ఆ లెక్కన పెరగలేదు. మిమిక్రీ దీనికి కారణమైతే యూయిడెస్‌కీ అంతే పెద్దది ఉండాలి: అదీ చేదుదే, అదీ హెలికోనియస్‌తో కలిసి మిమిక్రీ వలయాల్లో (ఒకే రూపాన్ని పంచుకునే జాతుల గుంపులు) ఉంటుంది. కానీ దానికి హెలికోనియస్ స్థాయి పెరుగుదల లేదు. తేడా తిండిలో ఉంది. హెలికోనియస్ పెద్దవయ్యాక కూడా పుప్పొడి తింటుంది. గొట్టం లాంటి పొడుగు నాలుక మీద పుప్పొడి పోగుచేసి, లాలాజలంతో తడిపి, అందులోని అమైనో ఆమ్లాల్ని పీల్చుకుంటుంది. గిల్బర్ట్ దీన్ని 1972లో వివరించాడు. ఈ ప్రోటీన్ ఉండబట్టే కొన్ని నెలలు బతికి గుడ్లు పెడుతూ ఉంటుంది. మన చుట్టూ తిరిగే చాలా సీతాకోకచిలుకలకు కొన్ని వారాలే ఆయుష్షు.

పుప్పొడికి అవి ఎక్కువగా ఆధారపడేది దోసకుటుంబపు అడవి తీగల మీద. ఆ తీగలు అడవిలో అక్కడొకటి ఇక్కడొకటి ఉంటాయి, కానీ ఒక్కో తీగ చాలా కాలం పూస్తుంది. దాంతో పాలవాడు ఇళ్ళు తిరిగినట్టు రోజూ ఒకే వరుసలో తీగల దగ్గరికి వెళ్ళడం లాభం. ఎక్కడ ఏముందో గుర్తుండాలి. చిన్న పంజరంలోని గళ్ళ స్థాయి నుంచి 60 మీటర్ల దూరం వరకు స్థలాన్ని నేర్చుకోగలవని 2023లో ప్రయోగాలు చూపాయి. పెరిగిన మష్రూమ్ బాడీకి ఇదే సరైన పని.

ఇక మొదట్లో చెప్పిన దొడ్డిదారి. పనామాలో మెల్పొమీని అడవి అంచుల్లో, ఎరాటో తిరిగే చోటే తిరుగుతుంది, రెండూ ఒక వలయం. సిడ్నో చీకటిగా ఉండే లోపలి అడవిలో హెలికోనియస్ సాఫోతో జోడు కట్టింది. మిమిక్రీ వలయం మారితే వెలుతురు కూడా మారుతుంది. సిడ్నోకి మెల్పొమీని కన్నా చూపుకి సంబంధించిన మెదడు భాగాలు పెద్దవి, కళ్ళూ పెద్దవి. ఒకే పంజరంలో ఒకే తిండితో పెంచినా తేడా పోలేదు, కాబట్టి ఇది వంశపారంపర్యం. సంకరాలు మధ్యస్థంగా వస్తాయి, ఏ వెలుతురుకీ పూర్తిగా కుదరని మెదడుతో. ఇక్కడ మిమిక్రీ మెదడుని నేరుగా మార్చలేదు, చోటు మార్చింది. చోటు మెదడుని మార్చింది. అమెజాన్ ప్రాంతపు ఇతోమియినీ సీతాకోకచిలుకల్లో ఒక్కో వలయం అడవిలో ఒక్కో ఎత్తులో, ఒక్కో వెలుతురులో ఉంటుంది. అక్కడ వేర్వేరు వంశాలైనా ఒకే వలయంలో ఉన్నవాటి చూపు భాగాలు ఒకదానికొకటి దగ్గరకి వచ్చిన ఆనవాళ్ళు కనబడ్డాయి. అంటే మీ ఊహ ఆ తెగలో కొంతవరకు నిజమే, దారి వేరు.

కొలత విషయం. ముందే చెప్పాలి, అడవిలో పట్టినవాటినీ పంజరంలో పుట్టినవాటినీ కలపొద్దు. మష్రూమ్ బాడీ ప్యూపా నుంచి బయటికొచ్చాక వయసుతోనూ అనుభవంతోనూ పెరుగుతుంది. మూడు రోజుల సీతాకోకచిలుకని మూడు వారాలదానితో పోలిస్తే జాతుల తేడా అని మీరు రాసేది వయసు తేడా కావచ్చు. జాతికి, లింగానికి కనీసం 8–10 మెదళ్ళు లేకుండా మొదలుపెట్టొద్దు.

మెదడు తీయడం హెపెస్ (పీహెచ్‌ని నిలిపి ఉంచే రసాయనం) ద్రావణంలో: 150 మిల్లీమోలార్ సోడియం క్లోరైడ్, 5 పొటాషియం క్లోరైడ్, 5 కాల్షియం క్లోరైడ్, 25 సుక్రోజ్, 10 హెపెస్, పీహెచ్ 7.4. రెటీనాని పూర్తిగా ఒలిచేయాలి, లేకపోతే దాని వర్ణకం కాన్‌ఫోకల్ సూక్ష్మదర్శిని లేజర్‌ని అడ్డుకుని లామినా (రెటీనా వెనకే ఉండే మొదటి చూపు భాగం) నల్లగా వస్తుంది. అయితే లామినా రెటీనాతో అంటుకుని వచ్చేస్తుంది. కొత్తవాళ్ళు పాడుచేసే మెదళ్ళలో ఎక్కువ ఇక్కడే పోతాయి. వాయునాళాలూ పై పొరా తీసేయాలి, గాలి బుడగ ఒకటున్నా ఆ కింద భాగం కనబడదు.

స్థిరీకరణకి జింక్-ఫార్మాల్డిహైడ్: 1 శాతం ఫార్మాల్డిహైడ్, 0.25 శాతం జింక్ క్లోరైడ్, 0.788 శాతం సోడియం క్లోరైడ్, 1.2 శాతం సుక్రోజ్. గది ఉష్ణోగ్రత దగ్గర మెల్లగా ఊపుతూ 16 నుంచి 20 గంటలు. జింక్ ఎందుకంటే, మామూలు ఫార్మాల్డిహైడ్ కణజాలాన్ని బిగించేసి ప్రతిరక్షకాన్ని లోపలికి వెళ్ళనివ్వదు. తర్వాత 80 శాతం మిథనాల్, 20 శాతం డీఎంఎస్‌ఓలో కనీసం 2 గంటలు, ఆపై శుద్ధ మిథనాల్‌లో మైనస్ 20 డిగ్రీల దగ్గర నెలలు దాచొచ్చు. క్షేత్రంలో పనిచేసేవాళ్ళకి ఈ మజిలీ పెద్ద వరం. రంగు వేసేటప్పుడు మిథనాల్‌ని 90, 70, 50, 30, 0 శాతంగా 10 నిమిషాల చొప్పున తగ్గిస్తూ నీటిలోకి తేవాలి. 5 శాతం మేక సీరంలో 2 గంటలు ఉంచి, సినాప్సిన్‌ని (నాడీ కణాల సంధుల్లో ఉండే ప్రోటీన్) పట్టే 3సీ11 ప్రతిరక్షకాన్ని 1:30 పాళ్ళలో 4 డిగ్రీల దగ్గర మూడున్నర రోజులు, రెండో ప్రతిరక్షకాన్ని 1:100లో రెండున్నర రోజులు. రోజులు తగ్గిస్తే అంచులు మెరుస్తాయి, మధ్యలో కాంతి రాదు. దాన్ని చూసి లోపలి భాగం చిన్నదని కొలిచేస్తారు.

పారదర్శకం చేయడానికి గ్లిసరాల్ 1, 2, 4 శాతాల్లో 2 గంటల చొప్పున, ఆపై 8, 15, 30, 50, 60, 70, 80 శాతాల్లో గంట చొప్పున, తర్వాత శుద్ధ ఈథనాల్, చివర మిథైల్ శాలిసిలేట్. మెట్లు దాటవేస్తే మెదడు ముడుచుకుంటుంది. మిథైల్ శాలిసిలేట్ ప్లాస్టిక్‌ని మెత్తబరుస్తుంది, గాజు పాత్రలే వాడండి, కాన్‌ఫోకల్ కటకానికి తగలనివ్వకండి. 10 రెట్ల గాలి కటకంతో 2 మైక్రోమీటర్ల పొరలుగా తీస్తే లోతు కొలత తక్కువ వస్తుంది. దాన్ని 1.52తో గుణించాలి. ఈ ఒక్క గుణకారం మర్చిపోయినవాళ్ళ ఘనపరిమాణాలన్నీ మూడింట ఒకవంతు తక్కువగా ఉంటాయి.

విశ్లేషణలో ప్రతి భాగాన్నీ "మెదడులో ఇంత శాతం" అని రాయడం మానేయండి. ఒక భాగం పెరిగితే మిగతావన్నీ శాతంలో తగ్గినట్టు కనిపిస్తాయి. చూపు భాగాలే సగానికి మించి ఉన్న మెదడులో ఇది పెద్ద మోసం. మధ్య మెదడులో మీరు కొలవని మిగిలిన భాగాన్ని ఆధారంగా పెట్టుకుని, రెండిటినీ లాగరిథమ్‌లోకి మార్చి, ఆర్ అనే గణాంక సాఫ్ట్‌వేర్‌లో స్మాటర్ ప్యాకేజీతో గీతలు గీయండి. మొదట వాలులు ఒకటేనా చూడాలి. ఒకటే అయి, గీత పైకి లేస్తే ఆ భాగం మిగతా మెదడుతో సంబంధం లేకుండా పెరిగిందని అర్థం. రెండు జాతులూ ఒకే గీత మీద ముందుకీ వెనక్కీ ఉంటే ఒకటి పెద్ద జీవి, ఒకటి చిన్నది, అంతే. మూడు జాతులు దాటితే వంశవృక్షాన్ని లెక్కలో పెట్టాలి, లేకపోతే అన్నదమ్ముల పోలికలన్నీ మీకు అనుసరణలుగా కనిపిస్తాయి.

మీరు ఇక్కడే ఏదైనా మొదలుపెట్టాలంటే కరివేపాకు చెట్టు మీద పెరిగే కామన్ మార్మన్, పాపిలియో పాలిటెస్, చేతికందేది. దీనిది బేట్సియన్ మిమిక్రీ (రుచి ఉన్నది చేదుదాన్ని అనుకరించడం), ఆడవాటిలో మాత్రమే: ఒక రూపం మగదానిలాగే ఉంటుంది, ఒకటి కామన్ రోజ్‌ని, ఇంకొకటి క్రిమ్సన్ రోజ్‌ని (రెండూ చేదు సీతాకోకచిలుకలే) అనుకరిస్తాయి. రూపాన్ని నిర్ణయించేది డబుల్‌సెక్స్ జన్యువని 2014లో తేలింది. ఒకే తల్లి గుడ్లలోంచి రెండు రూపాల ఆడవి రావచ్చు కాబట్టి వంశం, తిండి, వెలుతురు అన్నీ ఒకటే చేసి, రూపాల మధ్య చూపు భాగాల్ని పోల్చవచ్చు. పాపిలియో కళ్ళ మీద జపాన్‌లో పాపిలియో జుతస్‌తో చాలా పని జరిగింది. ఆ గ్రాహకాల విలువల్ని నేరుగా వాడేయకండి, పాలిటెస్‌వి విడిగా కొలవండి. గుడ్లు తోట చెట్ల నుంచి తీసుకోండి. పోలికకి క్రిమ్సన్ రోజ్ కావాల్సి వస్తే అది వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షిత జాబితాలోది, అటవీ శాఖ అనుమతి చేతికి రాకముందు వల పట్టుకోవద్దు.